కోళ్లకు రక్తపారుడు: మేతలో మందా, టీకానా?

మొయినాబాద్ దగ్గర మాకు చిన్న షెడ్డు ఉంది. దసరా అమ్మకం కోసం మే నెలాఖరులో నాటుకోడి పిల్లలు దించుతాం. సరిగ్గా అవి పెరిగే రోజుల్లోనే వానలు మొదలవుతాయి. షెడ్డులో కింద పరిచిన ఊక తడిసి ముద్దయ్యే ఆ జులైలోనే కాక్సిడియోసిస్, అంటే రక్తపారుడు టెన్షన్.

దీనికి కారణం ఐమీరియా అనే ఏకకణ పరాన్నజీవి. రెట్టలో బయటపడిన దాని గుడ్లకు తడి, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించే స్థితికి వస్తాయి. మామూలు ఫినాయిల్‌కు అవి చావవు. వీటిలో ఐమీరియా టెనెల్లా అనే జాతి పేగు చివరి సంచుల్లో చేరి రక్తం పారిస్తుంది. కడుపులోకి వెళ్లిన అయిదారు రోజులకు గానీ రెట్టలో ఎరుపు కనిపించదు. అప్పటికే పేగు గోడ చితికిపోయి ఉంటుంది.

అందుకే నీళ్లలో కలిపే ఆంప్రోలియం, టోల్ట్రాజురిల్‌లను నేను ఈ పోటీలోకే తీసుకోను. అవి రోగం వచ్చాక ప్రాణం కాపాడే మందులు. ఎరుపు కనిపించిన రోజే పశువైద్యుణ్ని అడిగి మొదలుపెట్టాలి. ఆంప్రోలియం ఇస్తున్నన్నాళ్లూ బి1 ఉన్న విటమిన్ టానిక్ ఆపాలి, లేకపోతే మందు పని తగ్గిపోతుంది. గుడ్లు పెట్టే కోళ్లకు టోల్ట్రాజురిల్ ఇవ్వకూడదు.

అసలు పోలిక మేతలో మందుకూ టీకాకూ మధ్యే. నలభై రోజుల్లో అమ్మేసే బ్రాయిలర్ అయితే నా ఓటు మేతలో మందుకే. సాలినోమైసిన్, మోనెన్సిన్, మదురామైసిన్ లాంటివి ఫీడ్‌లోనే కలిసి వస్తాయి, ఖర్చు తక్కువ, పెద్దగా శ్రమ ఉండదు. టీకాతో రోగనిరోధక శక్తి కుదురుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అంతలో బ్రాయిలర్ అమ్మకానికి దగ్గర పడుతుంది. కాకపోతే ఒకే మందును ఏళ్ల తరబడి వాడితే పరాన్నజీవి దానికి అలవాటు పడిపోతుంది, కాబట్టి మారుస్తూ ఉండాలి. ఇంకో మాట తప్పక గుర్తుంచుకోండి: సాలినోమైసిన్ గానీ మోనెన్సిన్ గానీ ఉన్న మేత వేస్తూ, గురక రోగానికని టియాములిన్ ఇస్తే కోళ్లు కాళ్లు పడిపోయి చనిపోతాయి.

నాలుగైదు నెలలు పెంచే నాటుకోళ్లకు, రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధనా సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి రకాలకు మాత్రం టీకానే మేలు. టీకా అంటే కొద్ది మోతాదులో బతికున్న పరాన్నజీవులే. పిల్లలు వాటిని రెట్టలో వదిలి, మళ్లీ ఏరుకుని తిని, రెండు మూడు చుట్లు తిరిగాకే శక్తి గట్టిపడుతుంది. ఆ తర్వాత మందు లేకుండానే ఎక్కువ కాలం నిలుస్తుంది.

దీని కిటుకు తెలియక రెండేళ్ల క్రితం దెబ్బతిన్నాం. హేచరీలో మొదటి రోజే టీకా వేయించిన 400 పిల్లలు తెచ్చాం. మేత అమ్మినాయన ఇచ్చిన స్టార్టర్ (చిన్న పిల్లల మేత) బస్తాల్లో కాక్సిడియోసిస్ మందు కలిసి ఉంది. ఆయన చెప్పలేదు, మేము లేబుల్ చదవలేదు. టీకాలోని జీవులను ఆ మందే అణిచేసింది. ఆరో వారం దాటాక మందు లేని మేతకు మారాం. వారం తిరక్కుండా ఒక మూల పిల్లలు ఈకలు ఉబ్బించి ముడుచుకు కూర్చున్నాయి. ఊక మీద ఎర్రటి మరకలు. నీళ్లలో మందు పెట్టినా 61 పోయాయి. పొద్దున్నే వాటిని బుట్టలోకి ఏరుతూ మా అమ్మ ఏడ్చింది.

ఇప్పుడు టీకా పిల్లలకు మందు లేని స్టార్టరే తెస్తున్నాం. మొదటి మూడు వారాలు ఊక పొడిపొడిగా మరీ ఎండిపోనివ్వం, ఎందుకంటే టీకా తిరగాలంటే కాస్త తేమ కావాలి. తర్వాత మాత్రం రోజూ తిరగేస్తాం, డ్రింకర్ల కింద తడిసినదాన్ని తీసేసి కొత్త ఊక వేస్తాం. జూన్ రాకముందే జల్లు కొట్టే వైపు పరదాలు కట్టేస్తాం.