ఊరి గొడవ తర్వాత గోడ బొమ్మా, కళాజాతా, ఫోరం నాటకమా: ఏది మేలు?

కొట్లాట జరిగి కేసులు పడ్డ ఊళ్లో ఏదైనా కళా కార్యక్రమం పెడదామంటే మొదట గుర్తొచ్చేది గోడ మీద బొమ్మ. ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు ఊళ్లలో దాన్ని ఆఖరికి పెట్టుకోవాలన్నది మా గట్టి అభిప్రాయం.

కళాజాతా, అంటే ఊరూరా తిరిగి పాడి ఆడే కళాకారుల దళం, దాని సత్తా ఈ జిల్లాలకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరులో అక్షరాస్యత ఉద్యమం పాటలతో, ఆటలతో ఊరూరా తిరిగింది. ఆ ఊపులోనే దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అన్యాయం మీద జనాన్ని లేపాలంటే డప్పు, పాట, అరగంట ఆట చాలు. కానీ రెండు వర్గాలు పక్కపక్కనే బతకాల్సిన చోట చిక్కు వేరు. దళం తప్పెవరిదో తేల్చి చెప్పి ఆ రాత్రే వెళ్లిపోతుంది. తెల్లారి ఆ మాటలకు జవాబు చెప్పుకోవాల్సింది దళితుల కాలనీలో వాళ్లు.

అందుకే మా ఓటు ఫోరం నాటకానికి. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ 1970ల్లో రూపు దిద్దిన పద్ధతి ఇది. బెంగాల్లో జన సంస్కృతి బృందం 1985 నుంచి పల్లెల్లో ఆడుతోంది. అయిదారుగురు నటులు, 15 నుంచి 20 నిమిషాల ఆట. అణగినవాడు ఓడిపోవడంతో ఆట ముగుస్తుంది. సూత్రధారి మళ్లీ మొదటినుంచి ఆడిస్తాడు. చూసేవాళ్లలో ఎవరైనా "ఆగు" అని లేచి, ఆ ఓడినవాడి స్థానంలోకి వచ్చి తన దారి చేసి చూపించాలి. ఎదుటి పాత్ర తేలిగ్గా లొంగకూడదు, నిజంగా ఎలా అడ్డుపడతారో అలాగే పడాలి. మొత్తానికి రెండు గంటలు కేటాయించండి.

చెడేది ఎక్కడంటే, లేచి వచ్చినవాళ్లు పైచేయి ఉన్న పాత్రను మార్చేసి మంచివాణ్ణి చేస్తారు. అప్పుడు సమస్య గాల్లో మాయమైపోతుంది, ఊళ్లో మాత్రం అలాగే ఉంటుంది. సూత్రధారి అక్కడే ఆపి "మన ఊళ్లో ఇలా జరుగుతుందా?" అని జనాన్నే అడగాలి.

చోటు కూడా చూసుకోవాలి. రామాలయం ముందు పెడితే కాలనీ వాళ్లు వెనక నిలబడతారు, కాలనీలో పెడితే ఊళ్లోవాళ్లు రారు. మధ్యలో ఉన్న బడి ఆవరణ నయం. పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్లు కాల్చే రోజుల్లో మెట్ట ఊళ్లలో ఎవరికీ తీరిక దొరకదు. తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మత్స్యకారులు ఇళ్ల దగ్గరుండేది అప్పుడే.

అసలు జరిగిన ఘటనను మాత్రం ఆడొద్దు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపిన కేసు సుప్రీంకోర్టులో తేలింది 2008లో. అన్నేళ్లు సాక్షులు నిలబడాలి. నాటకంలో వాళ్ల నోట వచ్చిన మాటను రేపు కోర్టులో తిప్పి అడుగుతారు. "కలిసి ఆడారుగా, ఇక రాజీపడండి" అని బాధితుల మీద ఒత్తిడి తెచ్చేవాళ్లూ ఉంటారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింది నేరాలు రాజీ చేసుకోదగ్గవి కావు. ఈ సంగతి ముందురోజే ఇరువైపులా విడమరిచి చెప్పాలి. కథకు బోరింగు దగ్గర వంతు, కూలి రేటు, వలల తగాదా తీసుకోండి.

మాటలు కలిశాక గోడ. పంచాయతీ తీర్మానం లేకుండా బ్రష్షు ముట్టుకోకండి. నాయకుల ముఖాలూ పార్టీ రంగులూ వద్దు, రెండువైపుల నుంచీ సమాన సంఖ్యలో మనుషులు రంగు వేయాలి. 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడకు సుమారు 2 లీటర్ల ప్రైమరు, రెండు పూతలకు 4 లీటర్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ పడుతుంది. పాత సున్నం పూర్తిగా గీకకపోతే రంగు పొరలుగా లేచిపోతుంది. కొత్త ప్లాస్టరింగైతే 28 రోజులు ఆగాలి. తీరపు గోడల్లో చెమ్మ, ఉప్పు కిందనుంచి ఎక్కుతాయి కాబట్టి బొమ్మను రెండడుగుల పైన మొదలుపెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, సంక్రాంతి దాటాక మొదలెట్టడం మంచిది.