విశాఖ నుంచి పొటోసి: గైడ్‌కి ఐదు స్టార్లు, ఏజెన్సీకి రెండే

బీచ్ రోడ్డు దగ్గర పెరిగిన మాకు ఎత్తంటే అరకు, లంబసింగి. బొలీవియాలోని వెండి గనుల ఊరు పొటోసి 4,000 మీటర్ల పైన ఉంది, హోటల్ మెట్లెక్కేసరికే గుండె దడదడలాడింది. టూర్ బుక్ చేసిన ఏజెన్సీ వాళ్లు ఈ ముక్క ముందే చెప్పలేదు, విశ్రాంతికి ఒక్క రోజు కూడా పెట్టలేదు, మా ఆవిడ రాత్రంతా తలనొప్పితో కూర్చునే ఉంది. మీరు వెళ్తే ముందు బొలీవియాలోనే ఉన్న సుక్రే నగరంలో రెండు రోజులు ఆగండి, అది 2,800 మీటర్లే.

గని టూర్ గైడ్ మాత్రం బంగారం, తనూ ఒకప్పుడు గనిలో పనిచేసినవాడే. కార్మికుల కోసం బజారులో కోకా ఆకులు (అలుపు, ఆకలి తెలియకుండా బుగ్గన పెట్టుకుని నమిలేవి), కూల్‌డ్రింకులు కొనిపించి, సెర్రో రికో కొండలోకి తీసుకెళ్లాడు. లోపల వంగి వంగి నడవాలి, నోట్లో దుమ్ము కరకరలాడుతుంది. ఒక మలుపులో కొమ్ములున్న ఎల్ టియో బొమ్మ, పాతాళానికి యజమాని అని కార్మికుల నమ్మకం, దాని నోట్లో సగం కాలిన సిగరెట్. 1545లో ఇక్కడ వెండి బయటపడ్డాక స్పెయిన్ వాళ్లు మిటా అనే వెట్టితో ఆదివాసులను ఇందులోకి దింపారు. ఇప్పటికీ తవ్వుతూనే ఉన్నారు, బుగ్గన ఆకు ముద్ద పెట్టుకున్న కుర్రాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఉబ్బసం ఉన్నవాళ్లు లోపలికి వెళ్లొద్దు.

పాత టంకశాల తప్పక చూడండి, వెండిని రేకులుగా నొక్కే పెద్ద పెద్ద చెక్క చక్రాలు అలాగే ఉన్నాయి, కింది అంతస్తులో కంచరగాడిదలు తిప్పేవట. సాయంత్రం తారాపాయ వేడినీటి బుగ్గలో దిగితే ఒళ్లునొప్పులు పోయాయి.