డెబియన్‌లో ఒకే లైబ్రరీకి రెండు వెర్షన్లు: ఏళ్లు వాడాక నా అభిప్రాయం

విజయనగరంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. మెషిన్లలో ఉండేది డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. 10వ వెర్షన్ నుంచి 12 దాకా దాదాపు అవే మెషిన్లు, అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చాం. డెబియన్ పనితనం నాకు బాగా తెలిసొచ్చింది లైబ్రరీల దగ్గరే, అంటే చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్ ఫైళ్ల దగ్గర.

లైబ్రరీ ఏబీఐ (కంపైల్ అయిన ప్రోగ్రామ్‌తో అది కలిసే తీరు) మారితే ఫైలు చివరి నంబరు మారుతుంది, ఆ నంబరు ప్యాకేజీ పేరులోకీ వస్తుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీనే చూడండి: లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1 వేరు, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 వేరు. ఒకదాని ఫైళ్ల జోలికి ఇంకోటి పోదు. విండోలు, బటన్లు గీసే జీటీకే లైబ్రరీ ఇంకా హాయి: 2, 3, 4 మూడు వెర్షన్లూ హెడర్లతో (కంపైల్‌కి కావాల్సిన ఫైళ్లు) సహా ఒకే మెషిన్‌లో ఉంటాయి. పిల్లలు ఏది కావాలో పీకేజీ-కాన్ఫిగ్ అనే టూల్‌కి చెప్పి కంపైల్ చేసుకుంటారు. ఎప్పుడూ గొడవ రాలేదు.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ దగ్గరే ఇబ్బంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో 3.0 ఒక్కటే ఉంది, 1.1 తీసేశారు. మా హాజరు ప్రోగ్రామేమో వెండర్ ఇచ్చిన పాత బైనరీ, అంటే ముందే కంపైల్ చేసేసిన ఫైలు. కొత్తగా 12 వేసిన మెషిన్‌లో తెరుచుకోలేదు. ప్రోగ్రామ్‌కి ఏ లైబ్రరీలు కావాలో చూపే ఎల్‌డీడీ కమాండ్ కొట్టి చూస్తే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1 ఎదురుగా 'నాట్ ఫౌండ్'. శ్రీకాకుళంలో ల్యాబ్ చూసే కుర్రాడు "ఓ సిమ్‌లింక్ కొట్టేయన్నా, అయిపోద్ది" అన్నాడు. అంటే పాత పేరుతో, కొత్త ఫైలుకి దారి చూపే లింక్. అవదు. పేరు కలిసినా, లోపల ప్రోగ్రామ్ అడిగేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 అనే సింబల్ వెర్షన్, అంటే లైబ్రరీలోని ఫంక్షన్లకి ఉండే వెర్షన్ గుర్తు. అది 3లో లేదు.

నన్ను ఎక్కువ భయపెట్టినవి నడుస్తున్న మెషిన్లే. అప్‌గ్రేడ్ చేసినవాటిలో పాత 1.1 అలాగే మిగిలిపోయింది, ప్రోగ్రామూ మామూలుగానే తెరుచుకుంటోంది. కానీ డెబియన్ 12 నుంచి దానికి సెక్యూరిటీ అప్‌డేట్ ఒక్కటీ రాదు. ఆ సంగతి స్క్రీన్ మీద ఎవరికీ కనబడదు.

అందుకే 1.1ని తీసేయడం సరైన పనే అంటాను. 2022 మార్చిలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో, తేడా సర్టిఫికెట్ ఒకటి పంపితే ప్రోగ్రామ్ అంతులేని లూప్‌లో పడే లోపం బయటపడింది. 1.0.2, 1.1.1 (పైన చెప్పిన 1.1 ఇదే), 3.0 మూడింటికీ వేర్వేరుగా ప్యాచ్ వేయాల్సి వచ్చింది. వెర్షన్ ఉంచితే దాని బాగోగులు చూసే మనిషీ ఉండాలి. 1.1.1కి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లే 2023 సెప్టెంబర్‌లో ఉచిత సపోర్ట్ ఆపేశారు.

డీబూట్‌స్ట్రాప్ అనే టూల్‌తో ఓ ఫోల్డర్‌లో డెబియన్ 11 దించి, ఆ ఫోల్డర్‌నే సిస్టమ్‌గా చూపించే ఎస్‌క్రూట్‌తో ఆ ఒక్క హాజరు ప్రోగ్రామ్‌నీ అందులోంచే నడుపుతున్నాం. మెషిన్లలో మిగిలిన పాత 1.1 తీసేశాం. ఫోల్డర్‌లోని 1.1కి ఎల్‌టీఎస్ (పాత వెర్షన్లకిచ్చే దీర్ఘకాల సపోర్ట్) ప్యాచ్‌లు వస్తాయి, అవీ 2026 ఆగస్టు వరకే.

అన్నీ డెబియన్ ప్యాకేజీలే వాడే ల్యాబ్ అయితే కళ్లు మూసుకుని వేసుకోండి. బయటి బైనరీలుంటే అప్‌గ్రేడ్‌కి ముందే ప్రతిదానికీ ఎల్‌డీడీ కొట్టి చూడండి. 3తో కట్టిన బిల్డ్ ఇస్తారా, ప్రోగ్రామ్ మార్చుకోమంటారా అని మా ప్రిన్సిపాల్ గారు వెండర్‌కి లెటర్ పెట్టించారు.