వెటర్నరీ సీటు ఇప్పిస్తామంటే నమ్మి డబ్బు కట్టకండి

ఈ తెల్లవారుజామున హైదరాబాద్ బస్సు దిగి ఇంటికొచ్చాం. చెల్లెలు ఇంకా గదిలోంచి బయటికి రాలేదు. ఇప్పుడే రాసేస్తున్నాను. నాలుగు రోజులు ఆగితే బంధువుల్లో పరువు పోతుందని నేనే నోరు మూసుకుంటానేమోనని భయం.

అమీర్‌పేటలోని ఆ కన్సల్టెన్సీ పోస్టరు మీలో చాలామందికి వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. బీవీఎస్సీ, అంటే పశువుల డాక్టర్ డిగ్రీకి డైరెక్ట్ అడ్మిషన్, ర్యాంకుతో పనిలేదు, ముందు వచ్చినవాళ్లకే సీటు అని. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం కాబట్టి పేరు రాయడం లేదు. పోస్టరు చూసినవాళ్లకు ఎవరో అర్థమవుతుంది.

మాది కడప జిల్లా. మా చెల్లెలు బైపీసీ చదివింది, నీట్ రాసింది. మార్కులు మరీ తక్కువేం కావు గానీ తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కాలేజీల్లో సీటు వస్తుందో రాదో అని ఇంట్లో అందరికీ టెన్షన్. దానికి చిన్నప్పటి నుంచీ పశువుల డాక్టర్ కావాలనే పట్టుదల. మా బర్రె ఒకటి దూడ అడ్డం తిరిగి, రాత్రంతా ఈనలేక, డాక్టర్ వచ్చేలోపే చచ్చిపోయింది. అప్పుడది ఏడో తరగతి. అప్పటి నుంచి ఇంకో చదువు మాటే ఎత్తలేదు.

వేరే రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీలో సీటు గ్యారంటీ అన్నారు. 50 వేలు ఫోన్‌పేలో, లక్షా 30 వేలు చేతికి క్యాష్. నాన్న రెండు బర్రెలు అమ్మి ఇచ్చిన డబ్బు అందులో ఉంది. క్యాష్ వద్దు, బ్యాంకులో వేద్దామని నాన్న రెండుసార్లు అన్నారు. సీటు పోతుందేమోనని నేనే తొందరపెట్టాను. ఇది నేను చేసిన తప్పే.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. దేశంలోని ప్రభుత్వ వెటర్నరీ కాలేజీల్లో 15 శాతం సీట్లను వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే వీసీఐ, నీట్ ర్యాంకు మీద ఆలిండియా కోటాలో నింపుతుంది. చెల్లెలు దానికి రిజిస్టర్ చేసుకుంటానంటే ఆ కన్సల్టెన్సీ మనిషి వద్దన్నాడు. "రెండు చోట్ల పేరుంటే ఇక్కడ బ్లాక్ చేసిన సీటు క్యాన్సిల్ అవుతుంది బ్రదర్, అప్పుడు మమ్మల్ని అడగొద్దు" అన్నాడు. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ నోటిఫికేషన్‌కి కూడా అదే మాట. మేం ఆగిపోయాం. రెండింటి గడువూ దాటిపోయింది. అక్కడ సీటు వచ్చేదని నేను చెప్పలేను, కానీ అడిగే అవకాశం కూడా లేకుండా చేశాడు.

అనుమానం మాకు రాలేదు. మా మండలంలో పశువుల ఆసుపత్రి డాక్టర్ గారికి వచ్చింది. సీటు వచ్చిందని స్వీటు బాక్సు పట్టుకెళ్లాం. ఆయన కాలేజీ పేరు విని, "అక్కడ ఓపీకి రోజూ ఎన్ని కేసులొస్తాయమ్మా? ఆవులూ గొర్రెలూ ఉన్న ఫామ్ ఉందా?" అని అడిగారు. మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. మేం చూసిందల్లా హాస్టలు ఫోటోలు, గేటు ఫోటో. పశువులను పట్టుకుని నేర్చుకునే చదువుకి ఆ కాలేజీలో పశువులున్నాయా అని ఒక్కసారీ అడగలేదు.

ఆయనే కూర్చోబెట్టి చెప్పారు. యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపు ఉన్నంత మాత్రాన వెటర్నరీ డిగ్రీ చెల్లదు. ఆ డిగ్రీ 1984 నాటి వెటర్నరీ కౌన్సిల్ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే గుర్తింపు ఉన్న డిగ్రీల జాబితాలో ఉండాలి. కొత్త కాలేజీ అయితే షెడ్యూలులోకి ఇంకా ఎక్కి ఉండకపోవచ్చు, కానీ విద్యార్థులను చేర్చుకోవడానికి అనుమతి పత్రమైనా ఉండాలి. ఏదీ లేకపోతే రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌లో డాక్టరుగా రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేకపోతే ప్రాక్టీసు లేదు, సర్కారు డాక్టర్ ఉద్యోగమూ లేదు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు చదివి ఖాళీ చేతులతో ఇంటికి రావాలి.

ఆ రాత్రి చెల్లెలు వీసీఐ వెబ్‌సైటులో కాలేజీల జాబితా మొత్తం మూడుసార్లు చూసింది. ఆ కాలేజీ లేదు.

నిన్న మధ్యాహ్నం ఆ కన్సల్టెన్సీ ఆఫీసుకెళ్లాం. గంటన్నర బయట కూర్చోబెట్టారు. డబ్బు కట్టిన రోజు ఇదే మనిషి లేచి ఎదురొచ్చి టీ తెప్పించాడు. నిన్న తలెత్తి చూడలేదు. చెల్లెలు ఫోన్‌లో జాబితా తెరిచి, "సార్, ఇందులో మన కాలేజీ పేరు ఎక్కడుందో చూపించండి" అని మర్యాదగానే అడిగింది. అతను దాని చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. చూస్తాడనుకున్నాం. స్క్రీన్ కింద పెట్టి టేబుల్ మీద బోర్లించాడు. "పశువుల డాక్టర్ చదువుకి కూడా ఇంత ఎంక్వైరీనా? నీ మార్కులకి ఎంబీబీఎస్ ఇవ్వమంటావా?" అన్నాడు. పక్కన ఉన్న ఇద్దరు స్టాఫ్ నవ్వారు.

నా చెల్లెలు నవ్వలేదు, ఏడవలేదు. ఫోన్ తీసుకుని బ్యాగులో పెట్టుకుంది. పద అన్నా అంది. ఆ బోర్లించిన ఫోన్ నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. అడిగిన ప్రశ్న తప్పయితే తప్పని చెప్పాలి. చేతిలో ఫోన్ లాక్కుని ఆడపిల్లను పదిమందిలో అలా చిన్నబుచ్చడానికి వీడెవడు? నేను అరిచాను. అప్పుడొక ఫైలు తీసి నా సంతకం చూపించాడు. వీసీఐ అనుమతి అని వాళ్లు మాకిచ్చిన కాగితం, అనుమతి కోసం కాలేజీ పెట్టుకున్న దరఖాస్తు అందిందన్న రసీదు మాత్రమే. మా డబ్బుకిచ్చిన రసీదులో సీటు అన్న మాటే లేదు. కెరీర్ గైడెన్స్ సర్వీస్ చార్జీలు, వాపసు ఇవ్వబడవు అని ఉంది. పైగా అది 50 వేలకే. లక్షా 30 వేలకు కాగితమే లేదు. ఇంగ్లిషులో ఉందని చదవకుండా సంతకం పెట్టానని చెప్పుకోలేను, నేను డిగ్రీ చదివాను. చదవలేదు, అంతే.

అక్కడే స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చేశాను. ఏమవుతుందో ఇక్కడ చెబుతాను.

మీ పిల్లలకు ఇలాంటి సీటు చూస్తుంటే ముందు వీసీఐ సైటులో కాలేజీ పేరు వెతకండి, తర్వాత ఒకసారి వెళ్లి పశువుల ఆసుపత్రి, ఫామ్ కళ్లారా చూడండి. క్యాష్ ఇవ్వొద్దు. వేరే కౌన్సెలింగ్‌కి అప్లై చేయొద్దని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమాను కూడా డాక్టర్ కోర్సే అని అమ్ముతున్నారట, అది వేరు, బీవీఎస్సీ వేరు.

ఇంకో మాట. నిన్న మేం మెట్లు దిగుతుంటే ఒక తండ్రి, కూతురు ఫైలు పట్టుకుని అదే ఆఫీసుకి ఎక్కుతున్నారు. ఆయనకు యాభై పైనే, తెల్లచొక్కా, పంచె. ఆ అమ్మాయి ఎర్ర చున్నీ వేసుకుంది. మాటల్ని బట్టి పాలమూరు వైపు వాళ్లలా అనిపించారు. కోపంలో నేను పట్టించుకోకుండా దిగిపోయాను. బస్సెక్కాక చెల్లెలు అంది, వాళ్లకు చెప్పాల్సింది అన్నా అని. మీలో ఎవరికైనా వాళ్లు తెలిసుంటే ఈరోజే ఫోన్ చేసి, డబ్బు కట్టకుండా ఆపండి.