జర్మన్ డిక్షనరీ: పుస్తకమా, లియోనా, డిక్ట్ సీసీనా?

తిరుపతిలో మా జర్మన్ క్లాసుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నర్సింగ్ చదివిన పిల్లలే. ఏ1 (మొదటి స్థాయి) మొదలైన వారానికే అందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, డిక్షనరీ కొనాలా, ఫోన్‌లో ఉన్నది సరిపోతుందా?" ఎలాగూ మనం వాడేది జర్మన్-ఇంగ్లీషుదే, కాబట్టి వాటి గురించే చెబుతాను.

డిక్షనరీ ఏదైనా నేను ముందు చూసేది క్రియ పక్కన ఏం రాశారని. అక్కడ జె-డి-ఎన్ ('ఒకరిని') అని ఉంటే మన 'ని, ను'. జె-డి-ఎమ్ ('ఒకరికి') అని ఉంటే మన 'కి, కు'. సాయం చేయడానికి హెల్ఫెన్, దాని పక్కన జె-డి-ఎమ్ ఉంటుంది: నీకు సాయం చేస్తాను. అడగడానికి ఫ్రాగెన్, దానికి జె-డి-ఎన్: నిన్ను అడుగుతాను. ఇంగ్లీషులో రెండు చోట్లా 'యూ' ఒక్కటే కాబట్టి తేడా తెలియదు, తెలుగు చెవికి మాత్రం ఇట్టే తెలుస్తుంది. గెఫాలెన్ కూడా అంతే, అచ్చం మన 'నాకు నచ్చింది'.

అలాగని తెలుగునే నమ్ముకుంటే అన్‌రూఫెన్ (ఫోన్ చేయడం) దగ్గర బోల్తా పడతాం. మనం 'నీకు ఫోన్ చేస్తా' అంటాం, వాళ్ళు 'నిన్ను' అంటారు. 'ఇష్ రూఫె డియర్ అన్' అని క్లాసులో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. 'డియర్' అంటే నీకు, అక్కడ రావలసింది 'డిష్', అంటే నిన్ను. పైగా ఆ చివరి 'అన్'ని వదిలేసి రూఫెన్ కింద వెతికితే 'అరవడం' అని వస్తుంది. మంచి పుస్తకంలో 'అన్'కీ 'రూఫెన్'కీ మధ్య సన్నటి నిలువు గీత ఉంటుంది. వాక్యంలో ఆ ముక్క ఊడి చివరికి పోతుందని దానర్థం.

అందుకే బీ1 (మధ్య స్థాయి) దాకా నా ఓటు పుస్తకానికే. లాంగెన్‌షైట్, పోన్స్, కాలిన్స్, ఏ కంపెనీదైనా ఫరవాలేదు కానీ మరీ పాకెట్ సైజు వద్దు. కొనేముందు హౌస్ అనే మాట తీసి, పక్కన బహువచనం హొయ్‌జర్ వేశారో లేదో చూడండి. లేకపోతే అక్కడే పెట్టేయండి. హాల్టెన్ లాంటి క్రియకు పట్టుకోవడం, ఆగడం, నిలవడం అని అర్థాలు చాలా ఉంటాయి. పుస్తకంలో వాటికి నంబర్లు వేసి విడదీస్తారు. ఫోన్‌లో పొడవాటి జాబితా వస్తుంది, పిల్లలు పై లైను రాసుకుని పేజీ మూసేస్తారు. చెన్నైలో గోథె ఇన్‌స్టిట్యూట్ పెట్టే జర్మన్ పరీక్ష హాల్లోకి పుస్తకాన్నీ రానివ్వరు, ఫోన్‌నీ రానివ్వరు. ఆ రోజుకు తలలో ఉన్నదే దిక్కు.

పుస్తకం దొరకనివాళ్ళకు లియో అనే ఆన్‌లైన్ డిక్షనరీ. నామవాచకాలు, క్రియలు వేర్వేరుగా చూపిస్తుంది, క్రియారూపాల పట్టిక కూడా ఇస్తుంది. గింగ్ (వెళ్ళాను) అని కొట్టినా మూలరూపం గేయెన్ (వెళ్ళడం) దగ్గరికి తీసుకెళ్తుంది.

డిక్ట్ సీసీ కూడా ఆన్‌లైన్ డిక్షనరీయే. దాని బలం బీ1 తర్వాతి బీ2లో, ముఖ్యంగా నర్సులకు. బీపీ మిషన్‌కు జర్మన్ మాట బ్లూట్‌డ్రుక్‌మెస్‌గెరేట్. ఇలాంటి బారెడు మాటలు చిన్న పుస్తకాల్లో దొరకవు. డిక్ట్ సీసీలో వైద్యం మాటల పక్కన గుర్తు కూడా ఉంటుంది. వాడేవాళ్ళే మాటలు చేరుస్తారు కాబట్టి అనుమానం వస్తే లియోలో సరిచూసుకోండి.

గూగుల్ ట్రాన్స్‌లేట్ వాట్సాప్ మెసేజ్ అర్థం చేసుకోవడానికి చాలు. డూడెన్ అనే డిక్షనరీ మొత్తం జర్మన్‌లోనే ఉంటుంది, దాని సంగతి బీ2 దాటాక చూద్దాం.