సహజవాయువు గ్రిల్‌ను ప్రొపేన్‌కు మార్చుకున్న నాలుగేళ్ల తరువాత

డాలస్‌లో మేమున్న ఇంటి పెరట్లోకి సహజవాయువు లైను ఉండేది. ఆస్టిన్ శివార్లలో కొన్న ఇంటికి ఆ సౌకర్యం లేకపోవడంతో, బాగా పనిచేస్తున్న నాలుగు బర్నర్ల గ్రిల్‌ను వదులుకోలేక, తయారీదారు ఆ మోడల్‌కే అమ్మే మార్పిడి కిట్ తెప్పించి ప్రొపేన్‌కు మార్చుకున్నాను.

గొట్టం మార్చి సిలిండర్ తగిలిస్తే చాలుననుకోవడం ప్రమాదకరం. ఒక ఘనపుటడుగు సహజవాయువులో సుమారు 1,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ఒక ప్రమాణం) వేడి ఉంటే ప్రొపేన్‌లో 2,500 ఉంటుంది. పైగా గ్రిల్‌కు సహజవాయువు దాదాపు 4 అంగుళాల నీటిమట్టపు ఒత్తిడితో (అంత ఎత్తు నీటిని నిలబెట్టగల ఒత్తిడితో) అందితే, ప్రొపేన్ రెగ్యులేటర్ 11 అంగుళాల ఒత్తిడితో పంపుతుంది. అందుకే రెగ్యులేటర్‌తో పాటు ప్రతి బర్నర్‌కూ సన్నని రంధ్రమున్న ఇత్తడి జెట్ (బర్నర్‌లోకి గ్యాస్‌ను వదిలే చిన్న ముక్క) వేయాలి. పాత జెట్‌నూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి వెలుతురులోకి ఎత్తి చూస్తే, ఒకదానిలో గుండుసూది వదులుగా దూరింది, రెండోదానిలో బిగుసుకుంది. పెద్ద రంధ్రాన్ని చిన్నది చేసే ఉపాయం లేదు కనుక కొత్త జెట్లు కొనక తప్పదు.

నాలుగు బర్నర్లకూ మార్చి, పక్కనున్న చిన్న పొయ్యి సంగతి మరిచిపోయాను. వెలిగించగానే పసుపుపచ్చని మంట జానెడు ఎత్తున లేచింది, పైనున్న గిన్నె అడుగు నిమిషంలో మసిబారింది. వెంటనే ఆపి, దానికీ జెట్ మార్చాక మంట నీలంగా నిలిచింది.

నన్ను ఎక్కువ కాలం వేధించింది మాత్రం సన్నసెగ. పచ్చడికి వంకాయలు కాల్చేటప్పుడు మంట ఎంత తగ్గించినా తొక్క మాడిపోయి లోపలి గుజ్జు పచ్చిగానే మిగిలేది. నా గ్రిల్‌లో వాల్వు కాడ పక్కన సిమ్‌ను సరిదిద్దే చిన్న మర ఉంది. బర్నర్ వెలిగించి ఉంచి, దాన్ని కొద్దికొద్దిగా బిగించాక వంకాయలు గుజ్జు దాకా మెత్తగా మగ్గడం మొదలైంది. కిట్‌తో వచ్చిన కాగితంలో ఈ విషయం ఒక్క వాక్యంలో ముగించడం పెద్ద లోపం.

సిలిండర్ వాల్వును ఒక్కసారిగా తిప్పితే రెగ్యులేటర్‌లోని రక్షణ ఏర్పాటు గ్యాస్‌ను లీకుగా భావించి ప్రవాహాన్ని తగ్గించేస్తుంది. మంట నీరసంగా వస్తే అన్నీ కట్టేసి, కాసేపాగి, నెమ్మదిగా తెరవాలి. ప్రొపేన్ గాలికన్నా బరువైనది, లీకైతే నేలబారున చేరుతుంది. కాబట్టి సిలిండర్ మార్చిన ప్రతిసారీ బిగింపుల మీద సబ్బునీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూస్తాను.

రుచిలో తేడా నాకు కనబడలేదు. 20 పౌండ్ల సిలిండర్‌లో దాదాపు 4,30,000 బీటీయూలు ఉంటాయి. గంటకు మొత్తం 48,000 బీటీయూలు వాడే నా గ్రిల్‌కు పూర్తి మంట మీద అది తొమ్మిది గంటల దాకా వస్తుంది. చుట్టాలున్న రోజున చికెన్ సగం కాలాక గ్యాస్ అయిపోయినప్పటి నుంచీ నిండు సిలిండర్ ఇంకొకటి పెరట్లో ఉంచుతున్నాను. మీ మోడల్‌కు తయారీదారు కిట్ అమ్మకపోతే మాత్రం, విడి భాగాలతో ప్రయత్నించకుండా ఆ గ్రిల్‌ను లైనున్న ఇంటివారికి ఇచ్చేయండి.