ఎర్ర గడియారం: మూడు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నాను, మిగిలిన సమయాన్ని ఎర్రగా చూపించే ఈ టైమరు గడియారానికి అయిదుకి మూడున్నర ఇస్తున్నాను. ఎందుకో అర్థం కావాలంటే మా ఇంట్లో పొద్దున 7 గంటల సంగతి వినాలి.

మాది తెనాలి. మావాడికి ఏడేళ్లు, రెండో తరగతి. స్కూలు వ్యాను 7:40కి సందు మొదట్లో హారన్ కొడుతుంది. అప్పటికి వాడు ఒక సాక్సు కాలికి వేసుకుని, రెండోది చేతికి తొడిగి పాముని చేసి, దాంతో పక్కింటి పిల్లిని బెదిరిస్తుంటాడు. టిఫిను సగం పళ్లెంలో, సగం చొక్కా మీద. ఈ నలభై నిమిషాల్లో నేను "త్వరగా" అని ఎన్నిసార్లు అంటానో మా ఆయన ఒకరోజు లెక్కపెట్టారు. ముప్ఫై ఒకటి. ఆయన నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు. వ్యాను వెళ్లాక బాత్‌రూంలోకి పోయి పంపు తిప్పి ఏడ్చేదాన్ని. పంపు ఎందుకంటే, అత్తయ్యకి వినబడకూడదని.

గుంటూరులో డాక్టరు గారు ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అని తేల్చడానికి తొందరపడలేదు. మా చేత ఒక ఫారం, స్కూల్లో టీచరు చేత ఒక ఫారం నింపించారు. ఇంట్లో ఒక్కచోటే అల్లరైతే చాలదట, ఇంకోచోట కూడా కనబడాలి, ఆరు నెలలకు తగ్గకుండా ఉండాలి, పన్నెండేళ్లలోపే మొదలవ్వాలి. అవన్నీ రాసుకుని, పెన్ను పక్కన పెట్టి, "మీరు రాత్రిళ్లు ఎన్ని గంటలు పడుకుంటున్నారమ్మా?" అన్నారు. నాకు గొంతు పట్టేసింది. అప్పటిదాకా నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఇది చాలావరకు వంశంలో వచ్చేదే అని ఆయన అనగానే అత్తయ్య మా ఆయన వైపు తిరిగి, "వీడూ ఇంతేనండీ, ఎక్కాలు చెప్పమంటే గేదె ఎక్కి కూర్చునేవాడు" అన్నారు. వారం ముందు దాకా తప్పంతా నా గారాబానిదే అన్నది కూడా ఆవిడే. సరే, అది ఇక్కడ వద్దు.

"పది నిమిషాల్లో తయారవ్వు" అంటే ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఆ పది నిమిషాలు ఎంతో లోపల తెలియదనీ, కాలాన్ని కంటికి కనబడేలా పెట్టమనీ డాక్టరు చెప్పారు. అలా కొన్నాను దీన్ని. అరచేతి కంటే కాస్త పెద్దది, తెల్లటి ప్లాస్టిక్. 60 నిమిషాల అంకెలు మామూలు గడియారానికి ఎదురు వరసలో ఉంటాయి. నాబ్ తిప్పితే ఎర్ర బిళ్ల విసనకర్రలా విచ్చుకుంటుంది. సమయం గడిచేకొద్దీ ఎరుపు తరిగిపోతుంది, అయిపోగానే బీప్. అసలుది అమెరికాలో జాన్ రోజర్స్ అనే తల్లి 1990లలో, "ఇంకా ఎంతసేపు" అని ప్రాణం తీసే తన పాప కోసం చేసింది. నేను కొన్నది దానికి నకలు, ఆన్‌లైన్‌లో 649 రూపాయలు. ఒక పెన్సిల్ సెల్లు వేయాలి, అది డబ్బాలో ఉండదు.

మొదటి వారం దండగ. ఫోనుకి పదిహేను నిమిషాలు పెట్టి వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి ఎరుపు తరగలేదు సరికదా, ముప్పావు గంటకి పెరిగింది! నాబ్ ఎటు తిప్పాలో నాకంటే ముందు వాడే కనిపెట్టాడు. అప్పట్నించి ఫ్రిజ్ మీద పెట్టాను.

రెండో వారం నుంచి పద్ధతి మార్చాం. పళ్లు తోమడానికి 5, స్నానానికి 10, టిఫినుకి 15. ఒకసారికి ఒక్క పనే, అదీ వంటింట్లోంచి కేక పెట్టకుండా వాడి దగ్గరికెళ్లి చెప్పడం. "త్వరగా" బదులు "ఎరుపు ఎంతుందో చూడు" అంటున్నాను. ఒకరోజు ఎరుపు అయిపోయి బీప్ కొడితే, నోట్లో బ్రష్షుతోనే ఫ్రిజ్ వైపు చూసి, "ఛీ, వెధవ గడియారం" అని తిట్టాడు. నాకెంత హాయిగా అనిపించిందో! ఆ తిట్లు రెండేళ్లుగా నాకు పడేవి. నేను తిట్టే తిట్లు వాడికి పడేవి. ఇప్పుడు ఇద్దరం కలిసి దాన్ని తిడుతున్నాం. నెల తర్వాత మా ఆయన మళ్లీ లెక్కపెట్టారు, "త్వరగా" తొమ్మిదికి దిగింది.

రోజూ ఒక పది నిమిషాలు వాడు చెప్పిన ఆట వాడితో ఆడమన్నారు డాక్టరు. ఆజ్ఞలు, ప్రశ్నలు, దిద్దడాలు వద్దన్నారు. ఆ పదికీ దీన్నే పెట్టాను. మొదటిరోజు ఎరుపు ఇంకా ఆరు నిమిషాలుండగానే "అలా కాదురా" అనేశాను. కుదురు లేనిది ఎవరికో నాకే అనుమానం వచ్చింది. వ్యాను వెళ్లాక ఇంకో పదిహేను నిమిషాలు నాకోసం తిప్పుకుని కాఫీ గ్లాసుతో డాబా ఎక్కుతున్నాను. ఎరుపు ఉన్నంతసేపూ నన్ను ఎవరూ పిలవకూడదని ఇంట్లో చెప్పేశాను.

ఇక లోపాలు. టిక్ టిక్ చప్పుడు ఎక్కువ. హోంవర్కుకి పక్కన పెడితే మావాడు లెక్కలు మానేసి టిక్కులు లెక్కపెడతాడు. బీప్ చెవిలో పుల్ల పెట్టినట్టుంటుంది. రెండో నెలకి నాబ్ వదులైంది, 20 పెడితే 17కే అయిపోతోంది. కంపెనీవాళ్లకి రాస్తే ఫోటో పంపమన్నారు, పంపితే ఇంకో ఫోటో అడిగారు, అంతే సంగతి. అమ్మే పేజీలో "ఏడీహెచ్‌డీకి పూర్తి పరిష్కారం" అని రాశారు చూడండి, అది పచ్చి అబద్ధం. స్కూలు డైరీలో ఎర్ర సిరా ఏమీ తగ్గలేదు. హోంవర్కు ఎరుపుతో పాటు పూర్తయ్యేది వారానికి రెండు రోజులే. మందు సంగతి డాక్టరు వచ్చే నెల చూద్దామన్నారు. అది ఆయన తేల్చేది, గడియారం కాదు.

పొద్దున కాకుండా రాత్రి పదకొండింటికి కొట్టుకునే గుండెకి ఇది అసలే పనిచేయదు. ఒకసారి అలాంటప్పుడు 14416కి, అంటే ప్రభుత్వం వాళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కి చేశాను. డబ్బులు తీసుకోరు, రాత్రయినా ఎత్తుతారు. అవతల ఒకమ్మాయి తెలుగులోనే మాట్లాడింది, మధ్యలో అడ్డుపడకుండా వింది.

రెండో గడియారం ఆర్డరు పెట్టాను, ఈసారి చప్పుడు లేనిది, 1,150 రూపాయలు. పాతదాన్ని అత్తయ్య ఇడ్లీకి తీసేసుకున్నారు. మూడు నిమిషాల తేడా ఆవిడకి లెక్కలేదు, మూత తీసి వేలు తడిచేసి గుచ్చి చూస్తారు ఎలాగూ.